వెంకటప్పయ్య గండి

ఉయ్యూరు,
12 జూన్ 2025.

దుర్గాశంకర్‌కి, నీ మేనత్త సుబ్బరత్నం. కీర్తనకూ పాప భానుశ్రీకీ నా దీవెనలు. నీకు ఇవ్వాలా వద్దా అన్నది నీ జవాబు చూశాక ఆలోచిస్తాను.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటి అనుకుంటావేమో. చెవి మిషను పెట్టుకున్నా ఫోన్లో నాకు హోరు తప్ప ఏమీ వినపడదు. పైగా ఫోన్లో నువ్వు "అలాగే అత్తయ్యా, చూద్దాం అత్తయ్యా" అంటూ జారుకుంటావు. కాగితం మీద అలా జారుకోవడం కుదరదు.

మొన్న పామర్రులో పెళ్ళికి వెళ్ళాను. మా పిన్ని కూతురు మల్లీశ్వరి పక్కనే కూర్చుని చెప్పింది, నువ్వు జమ్ములంక మీద పుస్తకం రాస్తున్నావని. ఊరి చరిత్రా భూగోళమూ అట. రాయిస్తున్నది రామకోటేశ్వరరావు అట. ఆ తర్వాత విస్తట్లో ఏం వడ్డించారో నాకు తెలియదు. చెయ్యి కడుక్కుని లేచి వచ్చేశాను.

మీ నాన్న నీకు ఏం చెప్పాడో నాకు తెలియదు. పోయినవాణ్ణి ఏమీ అనను గానీ, అప్పటికి వాడికి ఆరేళ్ళు. వాడికి గుర్తున్నది పడవెక్కడం ఒక్కటే. నాకు పదహారేళ్ళు. ఆ కార్తీకంలో వాన వారం రోజులు వదలకుండా కురిసింది. అడ్డుగట్టుకి గండి పడి, కోతకొచ్చిన వరి మొత్తం మునిగింది. గట్టు కావలి మీ తాతయ్య వెంకటప్పయ్యది. కావలి కాయాల్సినవాడే గండి కొట్టాడని రాజారామయ్య పంచాయితీ పెట్టి మమ్మల్ని వెలి వేయించాడు. ఈ రామకోటేశ్వరరావు తండ్రే ఆ రాజారామయ్య. మాతో ఎవరూ మాట్లాడకూడదు, పొయ్యిలోకి నిప్పు ఇవ్వకూడదు. నెల తిరక్కుండా సామాను పడవలో వేసుకుని కొల్లేరు దాటి వచ్చేశాం. గట్టు కిందనున్న మన రెండెకరాలూ ఆ తర్వాత ఎవరి చేలో కలిశాయో అడుగు. రాజారామయ్య చేలో. ఇక గండి కొట్టింది ఎవరో నేను వేరే చెప్పాలా?

మీ తాతయ్య ఉయ్యూరొచ్చి చెరకు బళ్ళ దగ్గర పనికి కుదిరాడు. ఇంకో పదకొండేళ్ళు బతికాడు. ఆ పదకొండేళ్ళలో జమ్ములంక పేరు ఒక్కసారి కూడా ఎత్తలేదు.

నీ పుస్తకంలో నాకు ఒక్క వాక్యం కావాలి. అడ్డుగట్టుకి గండి కొట్టినవాడు రాజారామయ్య అని. ఆయన కొడుకు వేయించే పుస్తకంలో, ఆయన కొడుకు చేతుల మీదుగా పంచే పుస్తకంలో ఆ మాట అచ్చులో ఉండాలి. అది చదివి ఊరంతా వాళ్ళింటి వైపు చూడాలి. యాభై ఆరేళ్ళుగా నేను ఈ ఒక్క రోజు కోసం కాచుకుని ఉన్నాను.

నీ అత్తయ్య,
సుబ్బరత్నం


విజయవాడ,
21 జూన్ 2025.

అత్తయ్యకి, దుర్గాశంకర్ నమస్కారాలు.

ముందుగా మీతో చెప్పకపోవడం నా తప్పే. చెబితే వద్దంటారని భయపడ్డాను. రామకోటేశ్వరరావు గారు నేను వెంకటప్పయ్య గారి మనవణ్ణని తెలిసే పిలిచారు. "మన ఊరి పిల్లాడివి, సోషల్ మాస్టారివి, నువ్వు కాక ఇంకెవరు రాస్తారయ్యా" అన్నారు. నాకు ఆ ఊరు చూడాలని ఎప్పటి నుంచో ఉంది. నిరుడు బుడమేరు వరద మా ఇంట్లోకొచ్చి నాలుగు రోజులు కూర్చున్న దగ్గర్నుంచి నాకు ఒక పిచ్చి పట్టుకుంది. ఎక్కడికి వెళ్ళినా ఇక్కడ నీళ్ళు ఎటు నుంచి వస్తాయి, ఎటు పోతాయి అని అడుగుతుంటాను. కీర్తన నాతో బయటికి రావడం మానేసింది.

మీరు ఊరు వదిలి ఇన్నేళ్ళయింది కదా, అక్కడ ఇప్పుడు ఎలా ఉందో చెబుతాను. ఊరు దిబ్బ మీద ఉంది. దిబ్బ మీద మూడు వీధులు, ఉత్తరాన దిబ్బ దిగువన పల్లపు వీధి. ఆ పల్లపు వీధికి అవతల మెరక ఊళ్ళ నుంచి వచ్చే వాగు. దక్షిణాన పొలాలు, ఇప్పుడు సగం చేపల చెరువులు, వాటి అవతల కొల్లేరు. వేసవిలో నీళ్ళు మైలు దూరం వెనక్కి పోతాయి. పల్లపు వీధికీ పొలాలకీ మధ్య, దిబ్బ పక్కగా అడ్డుగట్టు. ఇదంతా మీకు తెలిసిందే.

ఒక సంగతి మాత్రం పుస్తకంలో వేసే మ్యాపులో చూసేకంటే నా ఉత్తరంలో తెలియడం మంచిదనిపించింది. బెన్నీ అనే అతని ఆటోలో గట్టు మీదుగా వెళుతుంటే అతను ఆపి చూపించాడు. "అదేనండి వెంకటప్పయ్య గండి" అన్నాడు. ఎవరా వెంకటప్పయ్య అని అడిగితే, అతనికి తెలియదు. చిన్నప్పటి నుంచి అదే పేరట. తర్వాత చాలామందిని అడిగాను. ఊళ్ళో అందరూ ఆ చోటును అలాగే పిలుస్తున్నారు. భూగోళం రాసేవాడిగా జనం పిలిచే పేరే మ్యాపులో వేయాలి. మనవడిగా ఏం చేయాలో తెలియడం లేదు. మీరు చెప్పండి.

భానుశ్రీకి పళ్ళు ఊడుతున్నాయి. ఫొటో పెడుతున్నాను.

మీ
దుర్గాశంకర్


ఉయ్యూరు,
28 జూన్ 2025.

దుర్గాశంకర్‌కి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. కింద వాటాలో ఉండే కనకలక్ష్మి బూరెలు పంపింది, అవి అలాగే చీమలు పట్టాయి.

మనిషిని ఊళ్ళోంచి తరిమింది చాలక పేరుని గండికి అతికించారన్నమాట. పుట్టిన ప్రతి బిడ్డకీ ఈ గట్టు తెగ్గొట్టినవాడు వెంకటప్పయ్య అని నేర్పుకుంటూ వచ్చారు. ఆ ఆటో అతనికి వెంకటప్పయ్య ఎవరో కూడా తెలియదు, నింద మాత్రం నోటికొచ్చు. నువ్వు దాన్ని మ్యాపులో వేయాలా వద్దా అని నన్ను అడుగుతున్నావు.

వేయి. గండి వేయి. దాని పక్కన రాజారామయ్య గండి అని వేయి. జనం ఏమని పిలుస్తారని నన్ను అడగొద్దు. నువ్వు అచ్చులో వేస్తే రేపు బళ్ళో పిల్లలు అదే చదువుతారు, వాళ్ళ పిల్లలు అదే పిలుస్తారు. వాళ్ళు మా నాన్నకి ఏం చేశారో నేను వాళ్ళ నాన్నకి అదే చేయాలి. అంతకంటే ఎక్కువ అడగడం లేదు.

పాప ఫొటో బాగుంది. మీ నాన్న నవ్వే.

సుబ్బరత్నం


విజయవాడ,
9 జులై 2025.

అత్తయ్యకి నమస్కారాలు.

మీ కోపం నాకు అర్థమైంది. నాకూ ఆ పేరు విన్నప్పుడు చెంపమీద కొట్టినట్టే అనిపించింది. కానీ అత్తయ్యా, తెలిసినదీ అనుకున్నదీ వేరు. రెండెకరాలు ఎవరి చేలో కలిశాయన్నదాన్ని బట్టి గండి ఎవరు కొట్టారో పుస్తకంలో రాయలేను. కళ్ళతో చూసినవాళ్ళు చెప్పాలి. మీరు ఆ రోజు చూశారా? చూసి ఉంటే, చూసింది చూసినట్టు కాగితం మీద రాసి, సంతకం పెట్టి పంపండి. అప్పుడు రామకోటేశ్వరరావు గారు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా నేను వేస్తాను. వేయనివ్వకపోతే పుస్తకమే మానేస్తాను. ఇది నా మాట.

ఈసారి ఊళ్ళో ఒక వింత చూశాను. ఏటా వేసవిలో అడ్డుగట్టుకి మట్టి పోస్తారు కదా, ఇంటికి ఇన్ని గజాలని పంచుకుంటారు. గండి పడిన ఆ పది గజాలు మాత్రం ఎవరి వంతులోనూ లేవు. పల్లపు వీధివాళ్ళంతా కలిసి కడతారు. మిగతా గట్టంతా రాయీ ఎర్రమట్టీ. అక్కడ మాత్రం జమ్మూ బురదా కలిపి మెత్తగా కడతారు, రాయి పడనివ్వరు. ఎందుకని సొలొమోను అనే పెద్దాయన్ని అడిగాను. "అది అట్టాగే ఉండాలండి" అని ఊరుకున్నాడు.

ఇంకెన్నాళ్ళో ఉండదు లెండి. ఆ చోట రామకోటేశ్వరరావు గారు సిమెంటు తూము కట్టిస్తున్నారు, సగం పని అయింది. ఆగస్టు పదిహేడున ప్రారంభోత్సవం. పుస్తకమూ ఆ రోజే అనుకుంటున్నారు. మనిషి మర్యాదస్తుడే అత్తయ్యా, నన్ను భోజనం చేయనిదే పంపడు. ఇది చదివి మీకు ఒళ్ళు మండుతుందని తెలుసు.

మీ
దుర్గాశంకర్


ఉయ్యూరు,
16 జులై 2025.

దుర్గాశంకర్‌కి,

చూశాను. నువ్వు అడిగినట్టే రాశాను. సంతకం పెట్టాను. పక్కన కనకలక్ష్మి చేత కూడా పెట్టించాను.

నీకు పంపితే నువ్వు దాన్ని సవరిస్తావు, మర్యాదలు చేరుస్తావు. వాళ్ళింట్లో భోంచేస్తున్నావు కదా. అందుకని నేరుగా రామకోటేశ్వరరావు పేరు మీదే రిజిస్టర్ పోస్టు చేశాను. నకలు నీకు పెడుతున్నాను.

"నా తండ్రి వెంకటప్పయ్య అడ్డుగట్టుకి గండి కొట్టలేదు. ఆ రోజు ఉదయం ఎనిమిది గంటల వేళ రాజారామయ్య తన చేతులతో పార పట్టి గట్టు తవ్వుతుండగా నేను కళ్ళారా చూశాను. ఇది దేవుడి సాక్షిగా నిజం."

అతను ఇది చదివేటప్పుడు నువ్వు దగ్గరుండు. మొహం ఎలా మారిందో, రంగు ఎలా పోయిందో, మాట తడబడిందో లేదో, అన్నీ వివరంగా నాకు రాయి. ఆ ఉత్తరం నేను దిండు కింద పెట్టుకుని పడుకుంటాను.

నీ అత్తయ్య,
సుబ్బరత్నం


విజయవాడ,
27 జులై 2025.

అత్తయ్యకి,

మీరు అడిగారు కనుక చెబుతున్నాను. ఆయన చదివేటప్పుడు నేను ఎదురుగానే ఉన్నాను. ఆయన మొహం వెలిగిపోయింది.

ఒకసారి చదివారు, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివారు. తర్వాత నవ్వి, ఇంట్లో అందర్నీ పిలిచి నా చేత పైకి చదివించారు. "మా నాయనే ఆ రోజు గండి కొట్టించి పల్లపు వీధిని కాపాడాడని నేను ఎంత చెప్పినా ఈ ఊళ్ళో ఒక్కడు నమ్మలేదు దుర్గాశంకర్. ఇప్పుడు ఎవరు రాసిచ్చారో చూడు. వెంకటప్పయ్య గారమ్మాయి" అన్నారు. ఆ సాయంత్రమే రాతి పలక చెక్కేవాళ్ళకి ఫోన్ చేశారు. శ్రీ రాజారామయ్య తూము. కింద రెండు పంక్తులు, ప్రాణాలకు తెగించి స్వహస్తాలతో గండి కొట్టి పల్లపు వీధి ప్రజలను కాపాడిన మహనీయుని జ్ఞాపకార్థం అని. ఆయన వచ్చే ఎన్నికల్లో సర్పంచిగా నిలబడతారట, ఇప్పుడు పల్లపు వీధిలోనే ఓట్లు ఎక్కువ.

గండి కొట్టడం నేరమైతే ఆయన సంతోషపడడమేమిటి? నేరుగా పల్లపు వీధికి వెళ్ళి ఆదెమ్మ గారిని అడిగాను. ఊళ్ళో ఆవిడకంటే పెద్దవాళ్ళు లేరు. ఆవిడ అన్న మాటలు ఇంటికొచ్చేలోగా మరిచిపోతానేమోనని అక్కడే రాసుకున్నాను.

"నీళ్ళు కొల్లేట్లోంచి వచ్చినయ్యనుకుంటున్నావా బాబూ? కాదు. ఎనకమాల వాగులోంచి వచ్చినయ్యి. గట్టు అడ్డం పడి ఇటే నిలబడిపోయినయ్యి. పొద్దున్నకి నా రొమ్ముల దాకా వచ్చినయ్యి. పిల్లోళ్ళని ఇళ్ళ మీదకెక్కిచ్చాం. గట్టు తెంపండయ్యా అని మా వాళ్ళు దిబ్బ మీదకెళ్ళి కాళ్ళు పట్టుకుంటే, రాజారామయ్య గారు చేలు పోతయ్యన్నాడు. అప్పుడు ఎంకటప్పయ్య గారు పార తీసుకుని దిగాడు. మొదటి పార ఆయనే ఏసింది. ముందు మునిగింది ఆయన చేనే. మావి నూట నలభై ప్రాణాలు. ఆ గండికి ఆయన పేరు మేం పెట్టుకున్నాం. మళ్ళీ వరదొస్తే చేతుల్తో తీసుకునేట్టు అక్కడ మెత్తగా కట్టుకుంటన్నాం."

అత్తయ్యా, అది నింద కాదు. ఆ వీధివాళ్ళు ఆయనకి ఇచ్చుకున్న గౌరవం. మనం ఇద్దరం తప్పుగా చదివాం. ఇప్పుడు మీ కాగితంతో అది రాజారామయ్యకి పోతోంది. మీరు నిజంగా చూశారా?

దుర్గాశంకర్


ఉయ్యూరు,
2 ఆగస్టు 2025.

దుర్గాశంకర్,

నిన్ను కొనేశారు. ఎన్ని భోజనాలకి కొన్నారో నాకు తెలియదు.

మా నాన్న గట్టు కావలివాడు. గట్టు తన బిడ్డ అనేవాడు. ఆయన గండి కొట్టడు. ఎవరో ముసలమ్మ ఇప్పుడు ఏదో చెబుతోందంటే, ఇన్నాళ్ళూ ఆ నోరు ఏమైంది? మేం సామాను పడవకెక్కిస్తుంటే గట్టు మీద నిలబడి చూశారు, ఒక్కరు మాట్లాడలేదు. అది నాకు గుర్తుంది.

నాకు ఇక రాయకు.

సుబ్బరత్నం


విజయవాడ,
7 ఆగస్టు 2025.

అత్తయ్యకి,

రాయవద్దన్నారు. ఇదొక్కటి చదివి చింపేయండి.

ఆ నోరు ఏమైందని అడిగారు. నేనూ అదే అడిగాను. సొలొమోను గారు చెప్పారు. తాతయ్య ఒక్కరే పది గజాలు తవ్వలేదు. వెంట పల్లపు వీధివాళ్ళు ఆరుగురు దిగారు. వాళ్ళలో సొలొమోను గారి తండ్రి ఒకరు. గట్టు తెగాక తాతయ్య వాళ్ళని బెదిరించారట. "మీరు దిగినట్టు ఎవడు నోరు తెరిచినా మీ గుడిసెలు ఉండవురా. నేను ఒక్కణ్ణే కొట్టాను. నా పేరే చెప్పండి" అన్నారట. పంచాయితీలోనూ అదే చెప్పారు. "నేనే, ఒక్కణ్ణే" అన్నారట. మీరు సామాను ఎక్కించుకుంటుంటే వాళ్ళు మాట్లాడకపోవడం ఆయన మాట మీదే. ఆ తర్వాత చెప్పుకుందామంటే మన వైపు నుంచి ఎవరూ ఆ ఊరు తొక్కలేదు.

పుస్తకం పని నేను వదిలేశాను. రామకోటేశ్వరరావు గారు మర్యాదగానే, వేరేవాళ్ళ చేత పూర్తి చేయించుకుంటాలే అన్నారు. పదిహేడో తారీఖు సభకి నేను వెళ్ళడం లేదు. ఆదెమ్మ గారు ఎంత చెప్పినా లాభం లేదు. కూతురే రాసిచ్చిందిగా అని కాగితం చూపిస్తున్నారు. ఆ కాగితాన్ని కొట్టేయగలిగింది మీరు ఒక్కరే. చూశారా లేదా అని మళ్ళీ అడగను.

దుర్గాశంకర్


ఉయ్యూరు,
19 ఆగస్టు 2025.

దుర్గాశంకర్‌కి,

జమ్ములంక వెళ్ళొచ్చాను. గుడివాడలో ఒక బస్సు, కైకలూరులో ఇంకొకటి మారి, చివరకి నీ బెన్నీ ఆటోలో దిగాను. నా పేరు చెప్పలేదు, అయినా దార్లో గట్టు దగ్గర ఆపి "అదేనండి వెంకటప్పయ్య గండి" అన్నాడు. సిమెంటు కనపడింది, జమ్ము కనపడలేదు.

రామకోటేశ్వరరావు ఎదురొచ్చి చేతులు జోడించాడు. తండ్రి పోలికే. స్టేజి మీద కూర్చోబెట్టి శాలువా కప్పాడు. నా కాగితం పైకి చదివించి, ప్రత్యక్ష సాక్షి అమ్మగారు రెండు మాటలు చెబుతారని మైకు నా చేతికి ఇచ్చాడు. ఇస్తాడని నాకు తెలుసు. అందుకే ముందుగా ఏమీ చెప్పకుండా వెళ్ళాను. వాళ్ళింట్లో చెబితే అతను కాగితం చింపేసి ఊరుకునేవాడు. మైకులో చెబితే ఊరు వింటుంది.

చెప్పాను. ఆ వారం నేను ఊళ్ళోనే లేను, పామర్రులో మా అమ్మమ్మ దగ్గర ఉన్నాను, తిరిగొచ్చేసరికి పంచాయితీ కూడా అయిపోయింది. నేను గండి కొట్టడమూ చూడలేదు, పారా చూడలేదు. రాజారామయ్య కొట్టాడని నేను రాసింది అబద్ధం. ఆయన గౌరవం కోసం రాయలేదు, పరువు తీద్దామని రాశాను. గండి కొట్టింది మా నాన్న వెంకటప్పయ్య. కొట్టినందుకు మా నాన్నని వెలి వేసింది రాజారామయ్య. ఇంత మాత్రమే చెప్పి మైకు రామకోటేశ్వరరావు చేతికే తిరిగి ఇచ్చాను. అతను దాన్ని పట్టుకోవడం మరిచిపోయాడు. అతని మొహం నేను దగ్గర్నుంచే చూశాను. కావలసినంతసేపు చూశాను.

ముందు వరసలోంచి ఎవరో "దేవుడి మీద ఒట్టేసి ఎట్టా రాశావమ్మా" అని అడిగారు. కప్పిన శాలువా తీసి కుర్చీ మీద పెట్టాను. పలక మీద గుడ్డ తీయకుండానే దించేశారు. పల్లపు వీధివాళ్ళు ఎవరూ అరవలేదు, తిట్టలేదు. గట్టు దగ్గరికి వెళ్ళి తూము పక్కన కూర్చున్నారు. తూము ఎలాగూ ఉంటుంది, పేరు ఏం పెట్టాలో వాళ్ళు చూసుకుంటారు. ఆదెమ్మ నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. నా చెవికి ఆమె మాటల్లో సగం వినపడలేదు, మళ్ళీ చెప్పమని అడగడానికి సిగ్గేసింది.

బస్సులో వస్తూ ఒక సంగతి ఆలోచించాను. ఉయ్యూరులో మా నాన్న ఇంటి ముందు అరుగు మీద కూర్చునేవాడు. ఎవరైనా జమ్ములంక ప్రస్తావన తెస్తే నేను లోపల్నుంచి వచ్చి మీద పడేదాన్ని. మా నాన్న అలాంటి పని చేసే మనిషి కాదండీ, చచ్చినా చేయడండీ అనేదాన్ని. ఆయన ఎదురుగానే. పదకొండేళ్ళు అన్నాను. ఆయన తల వంచుకుని వినేవాడు. నువ్వు కొట్టావా నాన్నా అని ఒక్క రోజైనా అడిగితే చెప్పేవాడేమో. నేను అడగలేదు. రాజారామయ్య పక్కన నిలబడి నేను కూడా ఆయన్ని వెలి వేశాను.

రామకోటేశ్వరరావుని నేను క్షమించలేదు. ఇద్దరం మంచివాళ్ళమైపోయామని ఎవరికీ చెప్పకు. నువ్వు పుస్తకం రాయి. అతను వేయించకపోతే నా గాజులు ఉన్నాయి. గండి దగ్గర జరిగింది ఆదెమ్మ చెప్పినట్టే రాయి, ఆరుగురి పేర్లూ సొలొమోనుని అడిగి వేయి. వెలి సంగతీ రాయి, రాజారామయ్య పేరు దాచకు.

దాని కింద ఈ వాక్యం వేయి. సవరించకూడదు. "గండి కొట్టినది తన తండ్రి కాదని యాభై ఆరేళ్ళు వాదించి, చివరకు దేవుని మీద ఒట్టు వేసి అబద్ధపు సాక్ష్యం రాసి ఇచ్చినది వెంకటప్పయ్య కూతురు సుబ్బరత్నం."

పేరు పక్కన గారు పెట్టకు.

సుబ్బరత్నం